లినక్స్ సింక్: గంటకోసారా, రోజుకోసారా?

లినక్స్ అడ్మిన్, డెవాప్స్ ఉద్యోగాలకు సిద్ధమవుతున్నారా? అయితే ఈ ప్రశ్నకు జవాబు ఆలోచించి పెట్టుకోండి: 'కంపెనీలో 500 డెబియన్ సర్వర్లున్నాయి. వాటికి అప్‌డేట్లు ఇచ్చే లోకల్ మిర్రర్‌ను ఎంత తరచుగా సింక్ చేస్తారు?' 'రోజుకోసారి' అనేస్తే సరిపోదు. ఎందుకో 2024లో జరిగిన రెండు ఘటనలు చెబుతాయి.

తొందర, ఆలస్యం: రెండూ ముప్పే

ఆ ఏడాది మార్చి 29న ఎక్స్‌జెడ్ యుటిల్స్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో బ్యాక్‌డోర్ ఉందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ బయటపెట్టారు. ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవడంతో ఆయనకు అనుమానం వచ్చింది. ఆ కోడ్ డెబియన్ అన్‌స్టేబుల్, టెస్టింగ్ శాఖల దాకా వచ్చింది, స్టేబుల్‌కు చేరలేదు. అంటే కొత్త వెర్షన్ రాగానే వేసుకున్నవాళ్లే చిక్కుల్లో పడ్డారు.

జులై 1న పరిస్థితి తిరగబడింది. ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్‌లో 'రిగ్రెషన్' లోపాన్ని క్వాలిస్ సంస్థ ప్రకటించింది. డెబియన్, ఉబుంటు అదే రోజు ప్యాచ్ ఇచ్చాయి. ఈసారి ఆలస్యం చేసినవాళ్లకే ముప్పు.

మరి ఎంత తరచుగా?

డెబియన్ ప్రధాన ఆర్కైవ్ రోజుకు నాలుగుసార్లు అప్‌డేట్ అవుతుంది. కాబట్టి ఆరు గంటలకోసారి సింక్ చాలు. పది నిమిషాలకోసారి అడిగినా కొత్తగా వచ్చేదేమీ ఉండదు, అవతలి సర్వర్‌కు భారం తప్ప. సెక్యూరిటీ ప్యాచ్‌లకు మాత్రం వేళాపాళా ఉండదు. వాటిని గంటకోసారి చూడండి, లేదా సర్వర్లు నేరుగా డెబియన్ సెక్యూరిటీ రిపాజిటరీ నుంచే తీసుకునేలా పెట్టండి.

క్రమం తప్పితే అప్‌డేట్ ఆగుతుంది

ముందు ప్యాకేజీ ఫైళ్లు, తర్వాత ఇండెక్స్, చివర్లో పాత ఫైళ్ల తొలగింపు. ఇది తారుమారైతే ఇండెక్స్‌లో పేరుంటుంది, డిస్క్‌లో ఫైలుండదు. ఇన్‌స్టాల్ మధ్యలోనే ఎర్రర్ వస్తుంది. ఒక సింక్ పూర్తికాకుండా రెండోది మొదలవకుండా లాక్ పెట్టండి. క్రాన్‌లో సరిగ్గా గంట కొట్టే వేళ కాకుండా 17వ నిమిషం లాంటిది ఎంచుకుంటే రద్దీ తప్పుతుంది.

ఇంటర్వ్యూలో ఇలా చెప్పండి

మిర్రర్‌లోకి తెచ్చుకోవడం వేరు, సర్వర్లలో వేయడం వేరు. 'మెయిన్ ఆరు గంటలకోసారి, సెక్యూరిటీ గంటకోసారి తెస్తాను. ముందు రెండు మూడు టెస్ట్ సర్వర్లలో వేసి, బాగుంటేనే మిగతావాటికి ఇస్తాను. తీవ్రమైన లోపమైతే ఆ పరీక్షను గంటల్లోనే ముగిస్తాను' అనండి. అంకెతో పాటు కారణం కూడా చెప్పారంటే, పని తెలిసినవారని అర్థమైపోతుంది.