వెతికితే దొరికిన పిల్లలు

ఫ్లోరిడాలోని బ్రోవార్డ్ కౌంటీ బడుల్లో 2005కు ముందు, ప్రతిభ గల పిల్లలకు ప్రత్యేకంగా నడిపే గిఫ్టెడ్ తరగతిలో సీటు కావాలంటే టీచరో, తల్లిదండ్రులో పిల్లవాడి పేరు చెప్పాలి. ఆ తర్వాతే ఐక్యూ పరీక్ష. డబ్బున్నవాళ్లు ప్రైవేటు సైకాలజిస్టు దగ్గర, అవసరమైతే రెండోసారి కూడా, పరీక్ష చేయించి రిపోర్టు తెచ్చుకునేవారు. అక్కడి విద్యార్థుల్లో సగానికి పైగా నల్లజాతి, హిస్పానిక్ పిల్లలే. మూడో తరగతి గిఫ్టెడ్ పిల్లల్లో మాత్రం వాళ్లు 28 శాతం. పేద పిల్లలకు అర్హత స్కోరును 130 నుంచి 116కు తగ్గించినా పరిస్థితి ఇదే. పేరు చెప్పేవాళ్లే లేనప్పుడు సడలింపు ఎవరికి అందుతుంది?

2005లో పద్ధతి మార్చారు. ఎవరి సిఫారసూ అక్కర్లేకుండా రెండో తరగతి పిల్లలందరికీ బడిలోనే ఒక పరీక్ష పెట్టారు. అన్నీ బొమ్మలూ ఆకారాలే, భాషతో పనిలేదు. బాగా చేసినవాళ్లను ఐక్యూ పరీక్షకు పంపారు. అర్హత స్కోరు ముట్టుకోలేదు. అయినా గిఫ్టెడ్‌కు ఎంపికయ్యే రేటు నల్లజాతి పిల్లల్లో 80 శాతం, మొత్తం పేద పిల్లల్లో 180 శాతం పెరిగిందని ఆర్థికవేత్తలు డేవిడ్ కార్డ్, లారా గిలియానో 2016లో లెక్కతేల్చారు. ఆ పిల్లలు అంతకుముందూ ఆ బెంచీల మీదే కూర్చున్నారు.

మరి టీచర్ల కంట ఎందుకు పడలేదు? అదే ఏడాది జేసన్ గ్రిసమ్, క్రిస్టఫర్ రెడింగ్ వెలువరించిన అధ్యయనంలో జవాబు కొంత దొరుకుతుంది. మార్కులు సమానంగా ఉన్నా నల్లజాతి పిల్లలు గిఫ్టెడ్‌కు ఎంపికయ్యే అవకాశం తెల్లజాతి పిల్లలకన్నా తక్కువ. నల్లజాతి టీచరు ఉన్నచోట ఆ తేడా బాగా తగ్గింది. అలాంటి టీచర్లు అరుదు కావడానికీ ఒక చరిత్ర ఉంది. బడుల్లో జాతి విభజన చెల్లదన్న 1954 నాటి బ్రౌన్ తీర్పు తర్వాత అమెరికా దక్షిణాదిలో బడులు కలిపేటప్పుడు నల్లజాతి బడులను మూసి పిల్లలను తెల్లజాతి బడుల్లోకి తీసుకున్నారు గానీ, వాళ్ల టీచర్లను వద్దన్నారు. పదేళ్లలో నల్లజాతి టీచర్లు, బడి నిర్వాహకులు కలిపి దాదాపు 38 వేల మంది కొలువులు పోయాయి. న్యాయం చేస్తూ చేసిన ఈ అన్యాయానికి పిల్లలు నేటికీ మూల్యం చెల్లిస్తున్నారు.

అమెరికాలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు గిఫ్టెడ్ అన్న మాట కొత్త కాదు. పరీక్ష ఎప్పుడు, ఎవరిని అడగాలి అని చాలా ఇళ్లలో ముందే ఆరా తీస్తారు. అందులో తప్పేమీ లేదు. కానీ రెండు ఉద్యోగాలు చేస్తూ, బడికెళ్లి అడగొచ్చన్న సంగతే తెలియని తల్లి బిడ్డ తరఫున ఆరా తీసేదెవరు? ఆ పని బడే చేయాలి. కాలేజీ ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోరాదని 2023లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చినా, జాతి చూడకుండా పిల్లలందరికీ ఒకే పరీక్ష పెట్టడానికి అది అడ్డు రాదు.

ఇంత మేలు చేసిన పరీక్షను ఆర్థిక మాంద్యంలో నిధులు తగ్గాయని బ్రోవార్డ్ ఆపేసింది. పాత అంతరం మళ్లీ వచ్చి కూర్చుంది. ఇలాంటి పరీక్షను జిల్లా బడ్జెట్ దయకు వదలకూడదు. రాష్ట్ర చట్టంలోనే తప్పనిసరి చేసి, ఐక్యూ పరీక్ష చేసే సైకాలజిస్టుల జీతాలతో సహా ఖర్చంతా రాష్ట్రమే భరించాలి.