తాళం వేసిన తెర మీద ఏమి ఉండవలె?

భోజన విరామంలో మన కార్యాలయపు గదులలోకి తొంగిచూచినచో కుర్చీలు ఖాళీగాను, కంప్యూటర్లు తాళం వేసిన స్థితిలోను కనిపిస్తాయి. విండోస్ మీటతో కలిపి ఎల్ మీట నొక్కి లేచి వెళ్ళడం అందరికీ అలవాటైనందుకు మాకు సంతోషమే. అయితే ఆ తెర మీద ఏమున్నదో గమనించేవారు తక్కువ. ఒకచోట మంచుకొండ, మరొకచోట ఎవరి మనుమరాలో. ఆ బొమ్మ మీదనే అప్పుడే వచ్చిన ఉత్తరం పంపినవారి పేరు, విషయం! ఇంటికి తాళం వేసి దస్తావేజులను వీధి అరుగు మీద వదలినట్లున్నది. తాళం వేసిన తెర నిజంగా అరుగు వంటిదే; తాళపుచెవి లేనివారందరూ చూడగలిగిన చోటు.

పాత పిక్చర్ ట్యూబు తెరల మీద ఒకే బొమ్మ నిలిచి ఉంటే పూత కాలి మచ్చ పడేది. స్క్రీన్ సేవర్లు అందుకోసం పుట్టినవి. 1992 నాటి విండోస్ 3.1లో అక్షరాలు పరుగెత్తే స్క్రీన్ సేవర్‌ను మనవారు పండుగ శుభాకాంక్షలకు వాడుకున్నారు. తాళపు తెరకు ప్రత్యేకంగా బొమ్మ, గడియారం, సూచనలు వచ్చినది 2012 నాటి విండోస్ 8తో.

ముందుగా తీసివేయవలసినవి. సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్ల పుటకు వెళ్ళి, లాక్ స్క్రీన్ మీద వాటిని చూపే ఎంపికను రద్దు చేయవలెను. కొనుగోలు విభాగం వారికి ఇది మరీ ముఖ్యం. టెండరు తెరువక ముందు ఎవరు ఉత్తరం వ్రాసినారో చూపే ఒక్క పంక్తియే వివాదానికి చాలును.

ఇక ఉంచవలసినవి. మన హజీరాకు సముద్రగర్భపు బావుల నుండి వచ్చే సహజవాయువులో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్నది. కొద్ది పాళ్ళలో కుళ్ళిన కోడిగ్రుడ్డు వాసన వేసే ఈ వాయువు, గాలిలో 100 పి.పి.ఎం. దాటినచో ముక్కుకు వాసన తెలియకుండా చేస్తుంది. వాసన పోయినది గనుక ప్రమాదమూ పోయినదని కొత్తగా చేరిన కాంట్రాక్టు కార్మికుడు అనుకొనవచ్చును. అతనికి పాస్‌వర్డు లేదు. తాళం వేసిన తెర మాత్రం అతనికీ కనిపిస్తుంది. కంట్రోల్ రూము, అగ్నిమాపక కేంద్రం ఫోను నంబర్లు, గుమికూడవలసిన స్థలం, విండ్‌సాక్ చూచి నడవవలసిన దిశ, ఇవి నాలుగూ ఆ బొమ్మ మీద ఉండవలెనని మా అభిప్రాయం. మంచుకొండ కొంతకాలం విశ్రమించవచ్చును.

ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ తరగతుల విండోస్‌లో గ్రూప్ పాలసీ ద్వారా అన్ని యంత్రాలకు ఒకే బొమ్మను నిర్ణయించే వీలున్నది. తక్కినవాటిలో ఎవరికి వారు పర్సనలైజేషన్ పుటలో పెట్టుకొనవలె. విండోస్ 10లో గడియారం ఎడమవైపు అడుగున, విండోస్ 11లో పైన నడుమ నిలుస్తుంది గనుక ఆ చోట్లు వదలి వ్రాయవలెను. పాస్‌వర్డు అడిగే వేళకు బొమ్మ మసకబారుతుంది. కావున పెద్ద అక్షరాలలో కొద్ది పంక్తులే మేలు.

భాష సంగతి. 1976 నాటి రాజభాషా నియమాలలో గుజరాత్ ‘ఖ’ ప్రాంతం. హిందీ, ఇంగ్లీషు ఎటూ వస్తాయి. వాటితో ఆగక, షిఫ్టులో ఉన్నవారు ఏ భాష చదువగలరో విచారించి గుజరాతీనో, తెలుగునో చేర్చడం అవసరం. బొమ్మ గనుక ఏ లిపికైనా అడ్డులేదు.

కంట్రోల్ రూములోని ఆపరేటరు తెరలకు మాత్రం ఇది వర్తించదు. అలారం మ్రోగుతుండగా పాస్‌వర్డు అడిగే తెర ఎదురు కారాదు. అక్కడ తాళం గది తలుపుకే.

2006 ఆగస్టులో ఉకాయి జలాశయం నుండి వదలిన నీటితో తాపీ పొంగి సూరత్‌లో అధిక భాగం మునిగినది. అటువంటి నాడు కరెంటు ఉండదు, తెర వెలగదు. నంబర్లు తెరకెక్కినవి గదా అని గోడ మీది బోర్డులను తీసివేయవద్దని, నంబరు మారినప్పుడు రెండుచోట్లా మార్చవలెనని భద్రతా విభాగం వారికి మా మనవి.