తోక మీద గాటు

అమెరికా ఈశాన్య కొసన ఉన్న మెయిన్ రాష్ట్రంలో లాబ్‌స్టర్లు పట్టే జాలరి, బోను పైకి లాగగానే ముందు కొలబద్ద తీస్తాడు. కంటి గుంట నుంచి వీపు పెంకు చివరి దాకా మూడుంపావు అంగుళాలకు తగ్గితే పిల్లది, అయిదు అంగుళాలు దాటితే ముదురుది. రెండూ తిరిగి నీళ్లలోకే. పొట్ట కింద గుడ్లతో ఆడది దొరికితే, తోక రెక్క మీద కత్తితో చిన్న గాటు పెట్టి వదిలేస్తాడు. ఆ తర్వాత అది గుడ్లు లేకుండా ఎవరి బోనులో పడినా సరే, గాటు కనిపిస్తే అమ్మకూడదు. ఇది చట్టమే. అయినా నడిసముద్రంలో కాపలా ఉండేదెవరు? చేతికందిన డబ్బును నీళ్లపాలు చేసే ఆ జాలర్ల కట్టుబాటే దాన్ని నిలబెడుతోంది.

ఆ కట్టుబాటు విలువ లాబ్‌స్టర్ ఎదుగుదల చూస్తే తెలుస్తుంది. పెంకు సాగదు కనుక ఒళ్లు పెరిగినప్పుడల్లా కుబుసం విడవాల్సిందే. కొత్త పెంకు గట్టిపడేదాకా రాళ్ల సందున దాక్కుంటుంది, విడిచిన పెంకును తానే తిని సున్నం కూడగట్టుకుంటుంది. ఇలా ఇరవై, పాతిక సార్లు విడిస్తే గానీ అర కిలో తూగదు. అందుకు అయిదు నుంచి ఏడేళ్లు పడుతుంది. గుడ్లను తల్లి తొమ్మిది నుంచి పన్నెండు నెలలు పొట్ట కింద మోస్తుంది. చిన్న తల్లికి వేలల్లో, పెద్ద తల్లికి లక్ష దాకా గుడ్లుంటాయి. అన్నింటిలో పెద్దయ్యేవి ఏ ఒకటో రెండో.

పళ్లెంలో ఎర్రగా కనిపించే ఈ జీవి నీళ్లలో ముదురు పచ్చగానో, నీలి నలుపుగానో ఉంటుంది. ఎరుపును ఒక మాంసకృత్తి పట్టి ఉంచుతుంది, ఉడికితే ఆ పట్టు వదులుతుంది. స్పృహ తప్పించకుండా మరిగే నీళ్లలో వేయడాన్ని స్విట్జర్లాండ్ 2018లో నిషేధించింది. సబబైన పని.

మన తూర్పు తీరంలో రాతి నేలల దగ్గర దొరికేది వేరే రకం. దానికి పెద్ద డెక్కలుండవు. ముళ్ల పెంకు, ఒంటిని మించిన పొడవాటి మీసాలు ఉంటాయి. దాని పిల్లలు పలచని గాజు ఆకుల్లా నెలల తరబడి సముద్రంలో తేలుతూ తిరుగుతాయి. ఇక చదునుగా ఉండే రకం ముంబై తీరంలో ఒకప్పుడు దండిగా పడేది. ఎడాపెడా పట్టేయడంతో 1994 నాటికి ఆ వేట కుప్పకూలింది. 2003లో కేంద్రం ఎగుమతికి కనీస బరువులు నిర్ణయించింది: రకాన్ని బట్టి 150 నుంచి 500 గ్రాములు. అది ఓడ ఎక్కే సరుకుకే గానీ ఊళ్లో అమ్మే సరుకుకు కాదు. పిల్లవీ, గుడ్లతో ఉన్నవీ చివరికి చేరేది ఇక్కడి అంగళ్లకే.

కట్టుబాటు ఒక్కటే అన్నీ కాపాడదు. 2016లో 13 కోట్ల పౌండ్లు దాటిన మెయిన్ దిగుబడి 2023కి 10 కోట్ల లోపుకు పడిపోయింది. అక్కడి సముద్రం వేడెక్కుతోంది. అయితే వేడిని ఆపడం ఒక జాలరి చేతిలో లేదు, గుడ్ల తల్లిని వదలడం ఉంది. కొనకుండా ఉండటం మన చేతిలోనూ ఉంది. హోటల్లోనైనా, రేవులోనైనా, పొట్ట కింద గుడ్లున్న లాబ్‌స్టర్‌ను చూపిస్తే వద్దనండి, ఎందుకు వద్దో కూడా చెప్పండి.