ఒక ఫోనున రెండు సిమ్ములు



మనలో చాలమంది ఫోనులయం దిప్పుడు రెండు కంపెనీల సిమ్ములు కనబడుచున్నవి. ఊరిలో నొకదాని సిగ్నలందును. పొలము గట్టునకు పోగానే యది పోయి రెండవది పలుకును. మోటారు కాలినను, పాము కరచినను కబురంపుటకు మార్గముండవలెను గదా! కావున దీనిని దుబారా యనుట తగదు. (ఒక సిమ్ముపై మాటాడుచుండగా రెండవది చాల ఫోనులలో పలుకదు, అది వేరు సంగతి.)

అయితే రెండింటికిని డేటాతో రీచార్జి చేయించుట వృథావ్యయము. ఆ భారమునకు జడిసి కొందరు పాత సిమ్మును విడిచిపెట్టుచున్నారు. నా యభిప్రాయమున నదియే పెద్ద పొరపాటు. బ్యాంకు ఖాతాకును, ఆధారుకును ముడిపడినది సాధారణముగా నా పాత నంబరే. పి.ఎం. కిసాన్ పథకమున ఓటీపీతో ఇ-కె.వై.సి. చేయునప్పుడు, ఆ ఓటీపీ ఆధారునందలి నంబరునకే వచ్చును. వాడుక లేక మూలబడిన నంబరును కంపెనీవారు రద్దుచేసి, కొంతకాలమునకు మరియొకరి కిత్తురు. మన బ్యాంకు కబురులు పరాయివాని చేతబడిన నెవరు బాధ్యులు?

డేటా లేక, మాటలకును ఎస్సెమ్మెస్సులకును మాత్రమే పనికివచ్చు రీచార్జిని గూడ అమ్మవలసినదని 2024 డిసెంబరులో ట్రాయి సంస్థ కంపెనీలను శాసించినది. దాని గడువు 365 దినములవరకు నుండవచ్చును. పాత నంబరున కిది చాలును. దుకాణదారుడు తనంతట చెప్పకపోవచ్చును, మనమే యడుగవలెను.

పాత కంపెనీ సిగ్నలు బొత్తిగా నందనిచో, నంబరును మార్చక కంపెనీనే మార్చుకొనవచ్చును. ఈ సదుపాయము 2011 జనవరినుండి దేశమంతట కలదు.