రా. అంటే రాత్రా, రమ్మనా?

మా అవ్వకు చూపు బాగా తగ్గింది. సందేశాలు వస్తే ఫోనే చదివి వినిపిస్తుంది. పోయిన నెల రక్తపరీక్ష గురించి ఒక సందేశం వచ్చింది: "ఉ. 9 గం.కు రండి. రా. 8 గం. తర్వాత ఏమీ తినరాదు." ఫోను "ఉ" అని ఆగింది, "రా" అని ఆగింది, "ఎనిమిది గం తర్వాత ఏమీ తినరాదు" అంది. ఎనిమిది తర్వాతే కదా తినకూడదు అని అవ్వ పొద్దున ఏడున్నరకు రెండు ఇడ్లీలు తిని, కాఫీ తాగి వెళ్ళింది. పరీక్ష చెయ్యకుండా తిప్పి పంపారు. ఇంటికొచ్చి "నా చెవులే సరిగా లేవేమోలే నాయనా" అంది. ఆ మాటకే నాకు కోపం వచ్చింది. అవ్వ చెవులకేమీ కాలేదు.

మరి తప్పు ఎవరిది? మా తరగతిలో అడిగితే అందరూ "యంత్రానిది" అన్నారు. నేను ఒప్పుకోను. సగం తప్పు మనది.

చదివే యంత్రం ముందు అంకెలనూ పొట్టి మాటలనూ పూర్తి మాటలుగా మార్చుకోవాలి, ఆ తర్వాతే పలకాలి. చుక్క కనబడితే వాక్యం ముగిసిందా, మాటను కుదించారా అన్నది కూడా అదే తేల్చుకోవాలి. ఇంగ్లీషులోనూ ఈ చిక్కు ఉంది. డి, ఆర్ అనే రెండక్షరాలు డాక్టరూ కావచ్చు, వీధి పేరులో డ్రైవూ కావచ్చు. కానీ కె, ఎం అని రెండే హల్లులు ఉంటే అది మాట కాదని వెంటనే తెలిసిపోతుంది. మన అక్షరాల్లో అచ్చు కలిసే ఉంటుంది. అందుకే తెలుగు మాటను ఎక్కడ నరికినా మిగిలిన ముక్క ఇంకో మాటలా పలుకుతుంది. "10 కి.మీ." అంటే "పదికి మీ" అవుతుంది. "5 ని." అంటే "ఐదుని" అవుతుంది. "మ." నోటీసులో మధ్యాహ్నం, పద్యం ముందు మత్తేభం. "ఉ." ఉదయమా, ఉత్పలమాలా?

"కంపెనీవాళ్ళు బాగుచేస్తారులే" అంటారు. చెయ్యాల్సిందే, వాళ్ళను వదలమని నేను చెప్పడం లేదు. కంప్యూటర్లో చదివి వినిపించే ఎన్‌విడిఎ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో, ఏ పొట్టి మాటను ఎలా పలకాలో మనమే నిఘంటువులో రాసిపెట్టవచ్చు. "కి.మీ."కు అది సరిపోతుంది. రెండు అర్థాలున్న "మ."కు ఏది రాసిపెట్టాలి? పైగా ఆ పని అవ్వ చెయ్యగలదా?

"చోటు చాలదు" అని ఇంకొందరంటారు. రాత్రి అని పూర్తిగా రాస్తే పెరిగేది ఒక్క అక్షరం! ఆ ఒక్క అక్షరం మిగుల్చుకున్నందుకు మా అవ్వ ఇంకోరోజు ఆకలితో పోవలసి వచ్చింది.

పద్యాల ముందు గుర్తులు తీసెయ్యమని నేను అనను. అవి మన పద్ధతి. అయితే పాఠంలో మొదటిసారి వచ్చినప్పుడు పూర్తి పేరు రాస్తే ఆరో తరగతి తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ మేలే కదా.

మందుల చీటీ, పరీక్షల పట్టిక, తల్లిదండ్రులకు పంపే సందేశం: ఇవన్నీ రాసేది మనుషులే. యంత్రం ఎప్పుడు నేర్చుకుంటుందో మన చేతిలో లేదు. రాసేది మన చేతిలో ఉంది. మన బడి నోటీసు బోర్డు నుంచే మొదలుపెడదాం. "రాత్రి" అని రాద్దాం.