సెలవునాటి కబుర్లు: గాలం కొనేముందు

పోయిన నెల మన సంఘం విందులో విస్తరి ముందు కూర్చోబోతూంటే ఒక పెద్దాయన నన్ను పక్కకి పిలిచారు. "ఏమయ్యా, ఆదివారాలు ముట్టుకాడు దగ్గర గాలం పట్టుకు కూర్చుంటావటగా! మా మనవడు గాలపు కర్ర కొనిపెట్టమని ప్రాణం తీస్తున్నాడు. కొట్లో వందల్లో ఉన్న కర్రా ఉంది, వేలల్లో ఉన్న కర్రా ఉంది. చూడబోతే అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. తేడా ఏమిటో కాస్త చెప్పు" అన్నారు. అప్పుడు నేను చెప్పిన జవాబు అప్పడాల చప్పుడులో కలిసిపోయింది గనక, ఈ నెల కబుర్లు దాని మీదనే. చేప ముట్టని పాఠకులు క్షమించాలి. వారి ఇళ్ళలోనూ మనవలు ఉంటారు గదా!

మా నాన్నగారికి ఈ చిక్కు లేదు. సన్నని వెదురు బద్ద, దాని కొసకి దారం, దారానికి జొన్నదంటు బెండు, దాని కింద గాలం, గాలానికి వానపాము. చెరువు గట్టున జెల్లకో కొరమీనుకో అది చాలు, ఇప్పటికీ చాలును. వెదురును తక్కువ చేయకండి. 19వ శతాబ్దంలో అమెరికాలో వెదురు పేళ్ళు చీల్చి, అతికించి ఖరీదైన కర్రలు చేసేవారు. అందుకు మొదట్లో వాడినది కలకత్తా వెదురే. ఈ సరదా మన మద్రాసుకీ పాతదే. మద్రాసు సివిలు సర్వీసులో పనిచేసిన హెన్రీ సలివన్ థామస్ అనే దొర 1873లో 'ది రాడ్ ఇన్ ఇండియా' అనే పుస్తకాన్నీ, 1887లో చెరువుల్లో గాలం వేయడం గురించి మరొక పుస్తకాన్నీ అచ్చువేశాడు.

అయితే మనవడు కోరేది చెరువు గాలం కాదు, పండుగప్ప గాలం. ఇక్కడి జాలర్లు దాన్ని కొడువా అంటారు. ఆస్ట్రేలియా వారికి అదే బారముండి. ఉప్పునీటిలో పుట్టి, పిల్లగా ఉన్నప్పుడు ఏటి వెంట మంచినీటికి ఎగబాకే చేప. దాని పుట్టుకకీ మన ఊరికీ సంబంధం ఉంది. మన రాజా అన్నామలైపురంలోని కేంద్ర ఉప్పునీటి జలచరాల పరిశోధన సంస్థ, సీబా అంటారు, 1997లో దీనిచేత గుడ్లు పెట్టించి పిల్లలను తీయగలిగింది. ఆ సంస్థ ప్రయోగ క్షేత్రం ముట్టుకాడులోనే ఉంది.

ఇక నా తెలివితక్కువ సంగతి. మూడేళ్ళ కిందట బోనసు డబ్బు చేతికి వచ్చింది. ఇంట్లో కుక్కరు కొనాలన్న మాట వినపడనట్టు నటించి, మంచి కార్బన్ కర్రా, మెరిసే రీలూ కొన్నాను. దారం దగ్గరికి వచ్చేసరికి జేబు ఖాళీ. ఏదో చవక నైలాను దారం చుట్టించి, దాని కొసకే బొమ్మచేప కట్టేశాను. సాయంత్రం పోటు తిరిగే వేళ ఒక పండుగప్ప ఆ బొమ్మని అందుకుంది. నీళ్ళలోనుంచి నిలువునా ఎగిరి తల విదిల్చింది. రెండు నిమిషాల పాటు నేను రాజును. తరవాత దారం పుటుక్కున తెగి, కర్ర తేలిపోయింది. పక్కన వల సర్దుకుంటున్న జాలరి తలెత్తి, "కొడువాకి చెంప మీద కత్తి ఉంటుంది సార్. కర్రకి అంత పోసి దారానికి పిసినారితనం ఎందుకు?" అన్నాడు.

నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వనిది చేప దక్కలేదన్న విచారం కాదు. ఆ చేప మూతికి రెండు గాలాల బొమ్మనీ, తోక వెనక పది గజాల దారాన్నీ తగిలించి పంపానన్న విచారం. ఆ దారం ఏ వేరుకో చిక్కుకుంటే దాని గతి ఏమిటి? అందుచేత ఎవరడిగినా ఇప్పుడు ఒకటే చెబుతాను. కొనడం కర్రతో మొదలుపెట్టకండి, దారంతో మొదలుపెట్టండి.

దారాలు మూడు రకాలు. నైలాను సంగతి లోకానికి 1938లో తెలిసింది. అంతకుముందు పట్టు దారాలు వాడేవారు. నైలాను చవక, ముడి బాగా పడుతుంది, లాగితే సాగుతుంది. ఆ సాగుడు కొత్తవాడి తప్పులు కాస్తుంది. కాని ఎండకి పెళుసెక్కుతుంది. రెండోది సన్నని పోగులతో అల్లిన దారం. 20 పౌన్ల బలానికి నైలాను సుమారు 0.4 మిల్లీమీటర్ల మందం ఉంటే, అల్లిక దారం అందులో సగమే. సాగదు గనక చేప ముట్టిన సంగతి చేతికి వెంటనే తెలుస్తుంది. అయితే రాతికి ఒరిస్తే ఇట్టే తెగుతుంది, చేతికి చుట్టుకుని లాగితే వేలు కోస్తుంది. మూడోది ఫ్లూరోకార్బన్. నీళ్ళలో అంతగా కనపడదు, ఒరిపిడికి ఓర్చుకుంటుంది.

పండుగప్ప చెవిరెప్ప అంచు నిజంగా కత్తే. కాబట్టి 20 పౌన్ల అల్లిక దారం చుట్టించి, దాని కొసకి 40 పౌన్ల ఫ్లూరోకార్బన్‌గాని దళసరి నైలాను గాని ఒక బార కట్టాలి. ఈ కొసదారం లేకనే నా చేప పోయింది. అల్లిక దారం రీలు మీద జారుతుంది గనక, అడుగున నాలుగు చుట్లు నైలాను వేయించాలి. ముడి బిగించేముందు ఉమ్మితో తడపాలి, లేకపోతే ఆ వేడికి దారం బలం పోతుంది.

దారం కుదిరాక కర్ర. కర్ర మీదనే ఎన్ని పౌన్ల దారానికి, ఎన్ని గ్రాముల బొమ్మకి పనికివస్తుందో అచ్చువేసి ఉంటుంది. ధర చీటీకన్న ముందు అది చదవండి. ఏటి గట్టున 7 అడుగుల కర్ర సరిపోతుంది. ఫైబర్‌గ్లాసు కర్ర కాస్త బరువు, మెల్లగా వంగుతుంది, కాని ఆటో పైకప్పుకి తగిలినా ఓర్చుకుంటుంది. కార్బన్ కర్ర తేలిక, చురుకు, కాని దెబ్బ తగిలితే లోపల బీట పడి, మరొకనాడు చేప బరువుకి విరుగుతుంది. అంతకన్న ముఖ్యం, కార్బన్‌లో విద్యుత్తు ప్రవహిస్తుంది. కరెంటు తీగల కింద దాన్ని ఎత్తకూడదు. ఐప్పసి, కార్తీక మాసాల్లో ఉరుము వినపడిందా, కర్ర కింద పడేసి ఇంటిదారి పట్టాలి. కుర్రవాడికి మొదటి కర్ర ఫైబర్‌గ్లాసే మంచిదని నా మాట.

రీళ్ళు రెండు రకాలు. కర్ర మీద కూర్చునే రీలులో విసిరినప్పుడు చక్రం తిరుగుతుంది. బొటనవేలితో అదుపు చేయకపోతే దారం పిచ్చుకగూడవుతుంది. కర్ర కింద వేలాడే రీలులో విసిరినప్పుడు చక్రం కదలదు, దారమే జారిపోతుంది. దీన్ని ఇంగ్లండులో ఇల్లింగ్‌వర్త్ అనే మిల్లు యజమాని 1905లో తన పేర రిజిష్టరు చేయించుకున్నాడు. నేర్చుకునేవారికి ఇదే సులువు. 3000 లేక 4000 నంబరు చాలు. లోపల బేరింగులు ఎన్నని కాక, డ్రాగు మర మెత్తగా జారుతోందా అని చూడండి. చేప గట్టిగా లాగినప్పుడు దారం తెగకుండా వదిలిపెట్టేది ఆ మరే. దారం బలంలో మూడోవంతుకి మించి బిగించకూడదు. 20 పౌన్లంటే సుమారు 9 కిలోలు గనక, స్ప్రింగు త్రాసు కట్టి లాగితే 3 కిలోల లోపలే జారాలి.

ఇంటికి వచ్చాక రీలుని మంచినీళ్ళతో మెల్లగా కడిగి, మర వదులు చేసి పెట్టాలి. పాత దారాన్ని ముక్కలు చేసి చెత్తబుట్టలో వేయాలి. నీళ్ళలో పారేస్తే కొంగల కాళ్ళకి ఉరి అవుతుంది.

చివరగా ఒక మాట. పండుగప్ప మగదిగా పెరిగి, కొన్నేళ్ళకి ఆడదవుతుంది. అంటే బాగా పెద్దది దొరికితే అది దాదాపు తల్లిచేపే. తగినంత గట్టి దారం ఉంటే అలసి చావకముందే గట్టుకి తెచ్చి, గాలం ఊడదీసి, వదిలిపెట్టవచ్చు.

కాబట్టి పెద్దాయనా, మీ దగ్గరున్న డబ్బులో ముందు దారానికి తీసిపెట్టి, తరవాత రీలు, మిగిలినదానితో కర్ర కొనండి. మనవడి మొదటి చేప గట్టెక్కిన రోజున నాకు కబురు చేయండి. కుక్కరు సంగతి అడుగుతారేమో, మరుసటి బోనసుకే కొన్నాను. మా ఇంట్లో ఆ మాట ఇంకా మరిచిపోలేదు.