బొక్క అతికింది, మరి కాలు?

"ఎక్స్‌రేల బొక్క అతికింది గద, ఇంకేం రంది?" కాలు విరిగినోళ్ళు మా ఆసిఫాబాద్‌లో పదిసార్లయినా వినే మాట ఇది. ప్రేమతోనే అంటరు. కానీ ఈ మాట చాలామంది కాళ్ళను సగంలోనే వదిలేస్తోందని నా అభిప్రాయం.

నా కుడి చీలమండ బయటివైపు ఎముక విరిగి ఆర్నెల్లయింది. కెరమెరి దిక్కు ఒక గుండు ఎక్కుతుంటే కాలు పెట్టిన రాయి పెళ్ళ ఊడొచ్చింది. ఆరు వారాలు సిమెంటు పట్టీ. అది విప్పిన రోజు నానమ్మ దిష్టి తీసింది, ఇంట్లో అందరికీ పండగ. నాకు మాత్రం కుడి పిక్క చూస్తే భయమేసింది. అది నా కాలేనా అన్నంత సన్నబడింది.

ఎక్స్‌రే ముఖ్యంగా చూపించేది ఎముకనే. పట్టీలో పడుకున్న కండ, బిగుసుకుపోయిన కీలు, సాగిన లిగమెంట్లు అందులో సరిగ్గా కనపడవు. వీటికన్నా ముఖ్యమైనది ఇంకోటుంది. పాదం ఏ కోణంలో ఉందో మనం చూడకుండానే మెదడుకు చెప్పే సమాచారం. మన బ్రాంచి భాషలో చెప్పాలంటే మోటారు బాగానే ఉంది, సెన్సర్ ఫీడ్‌బ్యాక్ దెబ్బతిన్నది. కళ్ళు మూసుకుని ఒంటికాలి మీద నిలబడి చూసుకున్న. ఎడమ కాలి మీద 30 సెకన్లు, కుడి కాలి మీద 4. ఈ కాలుతో బండ ఎక్కుడేంది?

భువనగిరి గుట్ట ఎక్కినవాళ్ళకు తెలుసు. ఆ నున్నటి ఏకశిల మీద చాలాచోట్ల కాలికి మెట్టు దొరకదు. మడమ కిందికి దించి, పాదాన్ని బండకు అదిమి, ఆ రాపిడి మీదే నిలబడాలె. అంటే చీలమండ బాగా వంగాలె. మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ తొలి పాఠాలు నేర్చుకున్నది ఆ బండ మీదే. 2014 మే 25న 13 ఏళ్ళ 11 నెలల వయసులో పూర్ణ ఎవరెస్ట్ మీద నిలబడ్డది మనందరికీ గుర్తే. భువనగిరిలో గడిచిన రోజులు ఎందరికి గుర్తు? అమెరికా క్లైంబర్ లిన్ హిల్ 1989లో ఫ్రాన్స్‌లో దాదాపు 85 అడుగుల ఎత్తు నుంచి పడింది, మోచేయి తప్పింది, పాదంలో ఎముక విరిగింది. 1993లో ఎల్ కాపిటాన్ మీద 'ది నోస్' దారిని ఫ్రీ క్లైంబింగ్‌లో మొదటిసారి పూర్తి చేసింది. మనం షేర్ చేసే పోస్టుల్లో ఈ రెండు సంవత్సరాలే ఉంటయ్. మధ్యలో నాలుగేండ్లు ఏం చేసిందన్నది ఎవరికీ పట్టదు.

నా మధ్యకాలం చెప్తే నవ్వొస్తది. ఫిజియో ఒక్కరోజు చూపించిండు. మెట్టు అంచున నిలబడి మడమలు లేపుడు, దించుడు. గోడకు మోకాలు తగిలేదాకా ముందుకు వంగుడు. పాత తువ్వాలను కాలివేళ్ళతో దగ్గరికి గుంజుడు. పైసా ఖర్చు లేదు, కానీ రోజూ చెయ్యాలె. మూడు నెలలు చేసిన. ఇప్పుడు పైనుంచి తాడు కట్టుకుని సులువైన దారులు ఎక్కుతున్న. గుండు మీంచి దుంకుడు మాత్రం ఇంకా లేదు.

నాదంటే సరదా. మా వాడలో కల్లు గీసే కాక ఒకాయన ఉన్నడు. ఏండ్ల కింద తాటిచెట్టు మీంచి పడ్డడు. బొక్క అతికింది, రెండు నెలలకే మళ్ళీ మోకు భుజానేసుకున్నడు. చెట్టు ఆగదు కదా. కాళ్ళకు గుజి తగిలించుకుని మానుకు పాదాలు అదిమి ఎక్కే పనిలో బరువంతా చీలమండల మీదే. ఆయన ఇప్పటికీ ఒక కాలు వంచలేడు, అట్లనే ఎక్కుతడు. ఫిజియోథెరపీ అని ఒకటుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

2024 జులైలో ప్రభుత్వం 'కాటమయ్య రక్షణ కవచం' పేరుతో గీత కార్మికులకు సేఫ్టీ కిట్లు ఇచ్చుడు షురూ చేసింది. మంచి పని. అది పడకుండా ఆపుతది. పడ్డోళ్ళ సంగతేంది? పట్టీ విప్పే రోజు ప్రతి మనిషి చేతిలో ఒక తెలుగు కాగితం పెట్టాలె. మొదటి వారం ఏం చెయ్యాలె, ఎప్పుడు బరువు మోపాలె, ఏ నొప్పి మామూలు, ఏ నొప్పికి దవాఖానకు ఉరకాలె. "పనికి పోయేటోనికి కసరత్తులకు టైమెక్కడిది" అని హాస్టల్లో ఒక దోస్తు అన్నడు. పనికి పోయేటోనికే కదా కాలు కావాల్సింది!

ఆ కాగితం రాసుడు మన క్లబ్బుకు పెద్ద కష్టం కాదు. అందరికీ అర్థమయ్యే తెలుగు కావాలె, చదువు రానోళ్ళకు బొమ్మలు కావాలె. ఫిజియోకు చూపించి తప్పులు దిద్దించుకొచ్చే పని నాది. బొమ్మలు గీసేటోళ్ళు ఎవరన్నా ఉన్నరా?